ఫెమ్టోసెకండ్ లేజర్ లేకున్నా పల్స్ షేపింగ్ నేర్చుకునేది ఎట్ల (ఒక లాప్‌టాప్ చాలు)

మా అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లోళ్లు ప్రతి ఏడాదీ ఒకటే అడుగుతారు, సార్ మన దగ్గర ఫెమ్టోసెకండ్ లేజర్ లేదు గదా, మరి ఈ పల్స్ షేపింగ్, కోహెరెంట్ కంట్రోల్ ఇవన్నీ మేం యాడ నేర్చుకునేదని. ఫెమ్టోసెకండ్ అంటే సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క, కోహెరెంట్ కంట్రోల్ అంటే అంత పొట్టి కాంతి పల్స్‌ని మలిచి మెటీరియల్ స్పందనని మన చేతిలోకి తెచ్చుకోవడం. లేజర్ కోట్లల్లో ఉంటుంది, దాన్ని పెట్టుకునే రూమ్ చల్లగా ఒకే టెంపరేచర్‌లో ఉండాల, ధూళి ఉండకూడదు, మన ఊర్లో ఏప్రిల్ నెలలో అదంతా మెయింటెయిన్ చెయ్యడం చిన్న పని కాదు. కానీ ఈ సబ్జెక్ట్‌లో అసలైన గుట్టు లాప్‌టాప్‌లో పైథాన్ పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుంటే చేతికొస్తుంది, ఆ గుట్టు తెలీకుండా ల్యాబ్‌కి పోతే అక్కడ ఆరు నెలలు ఉన్నా నాబ్‌లు తిప్పడమే మిగుల్తుంది. అందుకే నేను పిల్లోళ్లతో చేయించే వరసలోనే ఇక్కడ రాస్తున్నా.

ముందు పల్స్ అంటే ఏందో కళ్ల ముందుకు తెచ్చుకోండి. 800 నానోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకండ్ల పల్స్ అంటే గాలిలో దాని పొడవు 30 మైక్రాన్లు, వెంట్రుక మందం కంటే తక్కువ. అంత పొట్టి పల్స్ ఒకే రంగుతో తయారు కాదు, కనీసం 9.4 నానోమీటర్ల వెడల్పున్న రంగుల గుంపు కావాల. గాసియన్ పల్స్‌కి టైమ్‌లో వెడల్పునీ ఫ్రీక్వెన్సీలో వెడల్పునీ గుణిస్తే 0.441 కంటే తక్కువ రాదు, ఆ లెక్కలోంచి వచ్చిందే ఈ 9.4. ఆ రంగులన్నీ ఒకేసారి కలిసి పైకి లేస్తే పల్స్ పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది, ఒక్కో రంగు ఒక్కో టైమ్‌కి వస్తే పల్స్ సాగిపోతుంది. మన ఊర్లల్లో చెక్కభజన చూసినోళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఇరవై మంది ఒకే దెబ్బకి చెక్కలు కొడితే గుడి గోడలు అదురుతాయి, అదే ఇరవై మంది అంతే బలంతో కొంచెం కొంచెం ముందూ వెనకా కొడితే జల్లు కురిసినట్టు ఉంటుంది. చెక్కలు అవే, చేతులు అవే, ఖర్చైన బలం అదే. రంగుల్లో ఎవరు ఎప్పుడు కొట్టాలో చెప్పేదే ఫేజ్, ఆ ఫేజ్‌ని మనకి కావలసినట్టు రాసిపెట్టడమే పల్స్ షేపింగ్.

దీన్ని ల్యాబ్‌లో ఎట్ల చేస్తారంటే, గ్రేటింగ్ పెట్టి రంగుల్ని విడదీస్తారు, లెన్స్‌తో ఒక గీత మీద పరుస్తారు, ఆ గీత మీద లిక్విడ్ క్రిస్టల్ మాస్క్ పెడతారు, దాన్ని ఎస్ఎల్ఎమ్ (స్పేషియల్ లైట్ మాడ్యులేటర్) అంటారు, అందులో ఒక్కో పిక్సెల్ ఒక్కో రంగుని కొంచెం ఆలస్యం చేస్తుంది, తర్వాత ఇంకో లెన్స్, ఇంకో గ్రేటింగ్‌తో రంగుల్ని మళ్లీ ఒకటి చేస్తారు. 1980ల్లో అమెరికాలో ఆండ్రూ వైనర్, ఆయన తోటివాళ్లు ఈ పద్ధతిని నిలబెట్టినారు. మాది ధర్మవరం, మగ్గం ఇంట్లో పెరిగినోణ్ణి, నాకు ఎస్ఎల్ఎమ్‌ని మొదటిసారి చూసినప్పుడు గుర్తొచ్చింది జకార్డు అట్టలే. పట్టు అదే, రంగు అదే, అట్టలో బెజ్జం ఎక్కడుంటే దాన్ని బట్టి ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో తేలుతుంది, చీర మీద నెమలి వస్తుందా మామిడిపిందె వస్తుందా అనేది అట్ట చేతిలో ఉంటుంది. ఎస్ఎల్ఎమ్ కూడా కాంతికి అట్టే.

ఇంక కోడ్‌లోకి పోదాం. పైథాన్, అందులో లెక్కలకి నంపై, గ్రాఫులకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీలు ఉంటే చాలు, గ్రాఫిక్స్ కార్డ్ అవసరం లేదు. టైమ్‌లో 16384 పాయింట్లు తీసుకోండి, ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకండ్లు. మొత్తం కిటికీ సుమారు 32.8 పికోసెకండ్లు అవుతుంది, ఫ్రీక్వెన్సీలో ఒక్కో అడుగు 0.03 టెరాహెర్ట్జ్ పడుతుంది. చాలామంది 1024 పాయింట్లతో మొదలుపెట్టి తర్వాత ఫేజ్ మెట్టు జరిపేటప్పుడు గ్రాఫ్ గరుకుగా వస్తోందని బాధపడతారు, మొదట్నుంచే ఎక్కువ పెట్టుకోండి, ఇంత పని లాప్‌టాప్‌కి లెక్కలోకి రాదు. 800 నానోమీటర్ల అసలు అలని కోడ్‌లో పెట్టకండి, మధ్య ఫ్రీక్వెన్సీని సున్నా అనుకుని దాని చుట్టూ ఎన్వలప్, అంటే అల మీద గీసిన పై ఆకారం, మాత్రమే పెట్టండి.

స్పెక్ట్రమ్ గాసియన్‌గా రాయండి, ఇంటెన్సిటీకి సగం ఎత్తు దగ్గర వెడల్పు 4.41 టెరాహెర్ట్జ్. మనకి కావలసింది ఫీల్డ్, ఇంటెన్సిటీ కాదు, కాబట్టి స్క్వేర్ రూట్ తియ్యాల. దాన్ని ఇన్వర్స్ ఎఫ్ఎఫ్‌టీ (ఫ్రీక్వెన్సీ నుంచి టైమ్‌కి మార్చే లెక్క) చేసి టైమ్‌లో ఇంటెన్సిటీ గీస్తే సగం ఎత్తు దగ్గర 100 ఫెమ్టోసెకండ్లు రావాల. 141 వచ్చిందంటే స్క్వేర్ రూట్ మర్చిపోయినారు. పల్స్ కిటికీ రెండు చివర్లకి చీలిపోయి కనిపిస్తే ఇన్వర్స్ ఎఫ్ఎఫ్‌టీ తర్వాత పెట్టాల్సిన షిఫ్ట్ ఫంక్షన్ ముందే పెట్టినారు, లేదా పెట్టనే లేదు. ఇది తేలేదాకా ముందుకు పోవద్దు.

ఆ తర్వాత చర్ప్ పెట్టండి, అంటే ఫేజ్ ఫ్రీక్వెన్సీ స్క్వేర్‌తో పెరిగేట్టు. ఫార్ములాలో సగం ఇంటూ ఫై-టూ ఇంటూ ఒమేగా స్క్వేర్ (ఒమేగా అంటే 2π ఇంటూ ఫ్రీక్వెన్సీ), ఫై-టూ విలువ 10000 ఫెమ్టోసెకండ్ స్క్వేర్ ఇవ్వండి. పల్స్ 100 నుంచి సుమారు 295 ఫెమ్టోసెకండ్లకి సాగాల. సాగకుండా 100 దగ్గరే నిలబడిపోతే ఒమేగా బదులు మామూలు ఫ్రీక్వెన్సీ వాడినారు, 2పై మిస్ అయింది, నా దగ్గరికొచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది ఇక్కడే తప్పుతారు. ఇంకోటి కూడా సరదాగా చూడండి, పల్స్‌ని 10 ఫెమ్టోసెకండ్లు చేసి ఒక సెంటీమీటర్ ఫ్యూజ్డ్ సిలికా గాజులోంచి పంపినట్టు 360 ఫెమ్టోసెకండ్ స్క్వేర్ పెడితే అది ఏకంగా 100 ఫెమ్టోసెకండ్లయి కూర్చుంటుంది, అదే గాజులోంచి 100 ఫెమ్టోసెకండ్ల పల్స్ పోతే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పల్స్ ఎంత పొట్టిదైతే దారిలో ఉన్న ప్రతి లెన్స్ గురించీ అంత ఆలోచించాల.

ఇప్పుడు మెటీరియల్‌ని తెద్దాం. టూ ఫోటాన్ అబ్సార్ప్షన్ అనే ప్రాసెస్ తీసుకుందాం, ఒక్క ఫోటాన్ శక్తి చాలని చోట రెండు ఫోటాన్లు కలిసి ఎలక్ట్రాన్‌ని పైకి లేపడం. 1931లో మరియా గోపర్ట్ మేయర్ దీన్ని లెక్కలో చెప్పింది, లేజర్ వచ్చినాక 1961లో గానీ కంటికి కనపడలేదు. మెటీరియల్ రెండు రకాలు అనుకుందాం. ఒకటి, పై లెవెల్ సూదిలాగా సన్నగా ఉండేది, సీజియం ఆవిరి లాంటిది. రెండోది, పై లెవెల్ చాలా వెడల్పుగా పరుచుకుని ఉండేది, సెమీకండక్టర్ క్రిస్టల్ గానీ ద్రావణంలో ఉన్న డై గానీ ఇట్లాంటివి. సన్నదానికి సిగ్నల్ లెక్క ఇదీ: టైమ్‌లో ఉన్న కాంప్లెక్స్ ఎన్వలప్‌ని అట్లనే స్క్వేర్ చేసి, అన్నీ కూడి, ఆఖర్న మాడ్యులస్ స్క్వేర్ తీసుకోండి. వెడల్పుదానికి ముందే మాడ్యులస్ తీసుకుని నాలుగో పవర్ చేసి కూడాల. రెండిటి మధ్య తేడా మాడ్యులస్ ఎప్పుడు తీసుకున్నామనే ఒక్క విషయంలోనే ఉంది, కానీ మొత్తం సబ్జెక్ట్ ఆ ఒక్క తేడా మీదే నిలబడి ఉంది. ఫేజ్ ఏమీ లేని పల్స్‌కి రెండు సిగ్నళ్లనీ 1 అనుకుని మిగతావన్నీ దాంతో భాగించుకోండి. సన్న లెవెల్ సరిగ్గా మధ్య ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర ఉందని ఇక్కడ మనం అనుకుంటున్నాం, అది మర్చిపోవద్దు.

ఇందాకటి చర్ప్‌నే మళ్లీ పెట్టి చూడండి. సన్నది 0.34కి పడిపోతుంది, వెడల్పుదీ 0.34కే పడిపోతుంది. చూసినోళ్లు వెంటనే అబ్బా కంట్రోల్ అయింది అనుకుంటారు, కాలేదు. పల్స్ సాగింది, ఎత్తు తగ్గింది, అంతే. చర్ప్‌తో ఈ రెండు మెటీరియల్స్‌నీ విడదియ్యలేం.

ఇప్పుడు ఫేజ్‌లో ఒక మెట్టు పెట్టండి, ఒక ఫ్రీక్వెన్సీ దాకా సున్నా, ఆ తర్వాత π (180 డిగ్రీలు). ఆ మెట్టుని స్పెక్ట్రమ్ ఎడమ చివర నుంచి కుడి చివరకి మెల్లగా జరుపుతూ సన్నదాని సిగ్నల్ గీయండి. మెట్టు బయట ఉన్నప్పుడు 1, లోపలికి వచ్చేకొద్దీ తగ్గి తగ్గి మధ్య నుంచి 1.26 టెరాహెర్ట్జ్ దూరంలో, అంటే సుమారు 2.7 నానోమీటర్ల దగ్గర, పూర్తిగా సున్నా అవుతుంది, ఆ తర్వాత లేచి సరిగ్గా మధ్యకి వచ్చేసరికి మళ్లీ 1 దగ్గరకి వస్తుంది, అవతల మళ్లీ అదే దూరంలో సున్నా. మొదటిసారి చేసినప్పుడు నేను ఆ గ్రాఫ్ ముందు చానాసేపు కూర్చుండిపోయినా. శక్తి అంతా ఉంది, రంగులన్నీ ఉన్నాయి, కానీ మెటీరియల్‌కి ఆ పల్స్ కనపడటం లేదు, అందుకే దీన్ని డార్క్ పల్స్ అంటారు. కారణం ఏందంటే మధ్యకి అటు ఒక రంగు, ఇటు దాని జంట రంగు, రెండూ కలిసే ఆ సన్న లెవెల్‌కి చేరతాయి, ఒక్కో జంట ఒక్కో దారి. జంటల్లో సగం ప్లస్‌గా సగం మైనస్‌గా వస్తే కూడిక సున్నా. మెట్టు సరిగ్గా మధ్యలో ఉంటే జంటలన్నీ మైనస్సే, అన్నీ మైనస్ అయితే మాడ్యులస్‌లో అది మళ్లీ ఒకటే. మీ గ్రాఫ్‌లో మధ్య శిఖరం 1 కాకుండా 0.97 దగ్గర ఆగితే కంగారు పడొద్దు, సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గరున్న పాయింట్ తనకి తానే జంట కాబట్టి అదొక్కటి ప్లస్‌గా మిగిలిపోతుంది, కిటికీ వెడల్పు పెంచితే ఆ తేడా కరిగిపోతుంది.

అసలు పరీక్ష ఇప్పుడు. ఫేజ్‌ని 1.2 ఇంటూ సైన్ అని రాయండి, లోపల ఒమేగా ఇంటూ 1000 ఫెమ్టోసెకండ్లు. టైమ్‌లో చూస్తే పల్స్ ఒక గొలుసుగా విడిపోతుంది, మధ్య పల్స్‌లో 45 శాతం శక్తి, అటూ ఇటూ ఒక్కో పికోసెకండ్ దూరంలో 25 శాతం చొప్పున, మిగిలింది ఇంకా చివర్లకి. ఇప్పుడు సైన్ తీసేసి కొసైన్ పెట్టండి, ఇంకేం మార్చొద్దు. టైమ్‌లో ఇంటెన్సిటీ గీస్తే అచ్చం అదే గొలుసు, ఒకదాని మీద ఒకటి పెడితే తేడా పట్టలేరు. వెడల్పు మెటీరియల్ సిగ్నల్ రెండిటికీ 0.33. సన్నదానికి మాత్రం సైన్‌తో 1, కొసైన్‌తో దాదాపు సున్నా. ఇంటెన్సిటీ ఒకటే, శక్తి ఒకటే, రంగులు ఒకటే, ఒకచోట మెటీరియల్ పూర్తిగా పీల్చుకుంది, ఒకచోట అసలు పట్టించుకోలేదు. 1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మెషులాక్, సిల్బర్‌బర్గ్ సీజియం ఆవిరి మీద, 822 నానోమీటర్ల దగ్గర టూ ఫోటాన్ ట్రాన్సిషన్‌ని ఇట్ల షేప్ చేసిన పల్స్‌తో ఆర్పి వెలిగించి చూపించినారు.

నేను ఇంత ఒత్తి చెప్పడానికి కారణం ఉంది. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో చానా చోట్ల చూస్తుంటా, ఫేజ్ మార్చినాం, సిగ్నల్ మారింది, కాబట్టి కోహెరెంట్ కంట్రోల్ అని రాసేస్తారు. పీక్ ఇంటెన్సిటీ మారితే నాన్‌లీనియర్ సిగ్నల్ (ఇంటెన్సిటీకి నేరు నిష్పత్తిలో లేనిది) ఎట్లాగూ మారుతుంది, దానికి షేపర్ ఎందుకు, దారిలో ఒక మందపాటి గాజు పెట్టినా చాలు. మీ మెటీరియల్ నిజంగా ఫేజ్‌కి రెస్పాండ్ అవుతోందా అని తెలియాలంటే ఇంటెన్సిటీ ఒకటే ఉంచి ఫేజ్ మాత్రం మార్చాల, సైన్ కొసైన్ జత సరిగ్గా అందుకే. ఆ జతకి రెండుసార్లూ ఒకటే సిగ్నల్ వస్తే, మీ మెటీరియల్ ఈ విషయంలో వెడల్పు రకం అని ఒప్పుకుని రాయాల. అది ఓటమేం కాదు, అదీ రిజల్టే.

మెటీరియల్ ఎంచుకునేటప్పుడు ముందు కూడికలు చేసుకోండి. 800 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండు కలిస్తే 3.1. జింక్ సెలినైడ్ బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ పైకి లేవడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 2.7, కాబట్టి రెండు ఫోటాన్లు చాలు. గాలియం ఆర్సెనైడ్‌కి 1.42, అక్కడ ఒక్క ఫోటానే తినేస్తుంది, టూ ఫోటాన్ ఆడేదానికి చోటు ఉండదు. జింక్ ఆక్సైడ్‌కి సుమారు 3.4, రెండు చాలవు, మూడు కావాల. మన యూనివర్సిటీల్లో జింక్ ఆక్సైడ్ నానో పార్టికల్స్ చేసేవాళ్లు ఎక్కువ, వాళ్లు 800 దగ్గర టూ ఫోటాన్ అని రాసే ముందు ఈ కూడిక ఒకసారి చూసుకుంటే మంచిది. ఇంక ఘన పదార్థాల్లో ఇంకో దారి కూడా ఉంది, పల్స్ గొలుసులో పల్స్‌కీ పల్స్‌కీ మధ్య టైమ్‌ని క్రిస్టల్‌లో అణువులు ఊగే టైమ్‌తో కలపడం. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు మార్చి మార్చి దంచేది చూసుంటారు, లయ కుదిరితే ఒడ్లు నలుగుతాయి, తప్పితే రోకలికి రోకలి తగుల్తుంది. అట్లనే లయ కలిస్తే ఊపు పెరుగుతుంది, సగం పీరియడ్ తేడాతో కొడితే ఉన్న ఊపు కూడా ఆగిపోతుంది. కోడ్‌లో ఒక డ్యాంప్డ్ ఆసిలేటర్ (ఊపు మెల్లగా తగ్గిపోయే ఉయ్యాల లాంటిది) పెట్టి ఇంటెన్సిటీని దానికి తోపుగా ఇస్తే ఇది పది లైన్లలో చూడొచ్చు.

ల్యాబ్‌కి పోయే అవకాశం వస్తే, బెంగుళూరు ఐఐఎస్సీ మనకి బస్సులో నాలుగైదు గంటలు, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్ ఉన్నాయి, కొన్ని విషయాలు ముందే మనసులో పెట్టుకుని పోండి. మొట్టమొదట కళ్లు. 800 నానోమీటర్ల బీమ్ కంటికి మసక ఎరుపుగానే కనిపిస్తుంది, అంత వీక్‌గా ఉందిలే అనుకుంటే పొరపాటు, ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపోయే గాగుల్స్ పెట్టుకోవాల, ఉంగరం, వాచీ తీసేయాల, బీమ్ ఎత్తుకి కళ్లు తేకూడదు, కింద పడ్డ స్క్రూ కోసం వంగేటప్పుడు కూడా కళ్లు మూసుకుని వంగాల.

షేపర్ అలైన్ చేసినాక మాస్క్ మీద ఫేజ్ సున్నా పెట్టి, లోపలికి పోయిన పల్స్ ఎంత ఉందో బయటికి వచ్చింది అంతే ఉందా చూడాల, పల్స్‌ని కొలవడానికి అక్కడ ఆటోకోరిలేటర్ గానీ ఫ్రాగ్ గానీ ఉంటుంది. రాలేదంటే గ్రేటింగ్‌కీ లెన్స్‌కీ మధ్య దూరం ఫోకల్ లెంగ్త్‌కి సరిగ్గా లేదు, అదే చర్ప్‌గా మారి కూర్చుంటుంది. తర్వాత చర్ప్‌ని మైనస్ నుంచి ప్లస్ దాకా స్కాన్ చేసి ఒక మామూలు వెడల్పు శాంపిల్ సిగ్నల్ చూడండి, శిఖరం సున్నా దగ్గర రాకుండా పక్కకి వస్తే ఆ పక్కకి ఎంత వచ్చిందో అంత చర్ప్ మీ దారిలో లెన్సులు కలిపినట్టు, దాన్ని మాస్క్ మీదే రివర్స్‌లో రాసి తీసేయొచ్చు.

నాకు ఒకప్పుడు ఒక ల్యాబ్‌లో π మెట్టు స్కాన్ చేస్తుంటే ఎంతో అందమైన గుంట వచ్చింది, రెండు రోజులు దాని మీదే లెక్కలు కట్టినా. మూడో రోజు పవర్ మీటర్ పెట్టి చూస్తే మెట్టు ఉన్నచోట శక్తే తగ్గుతోంది. ఫేజ్ ఒక్కసారిగా దూకే చోట ఆ రంగు కొంచెం చెదిరిపోయి బీమ్ బయటికి పోతుంది, నేను కొలిచింది ఆ నష్టాన్ని. అప్పట్నుంచి ప్రతి ఫేజ్‌కీ పక్కనే యావరేజ్ పవర్ కూడా రికార్డ్ చేయిస్తా. అట్లనే పవర్‌ని మార్చి సిగ్నల్‌ని లాగ్-లాగ్ గ్రాఫ్‌లో గీస్తే వాలు 2 రావాల, 1 వస్తే మామూలు లీనియర్ అబ్సార్ప్షన్ దూరుతోంది. 80 మెగాహెర్ట్జ్ లేజర్ అయితే పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 12.5 నానోసెకండ్లే, శాంపిల్‌కి చల్లారే టైమ్ ఉండదు, వేడి వల్ల వచ్చే మార్పుని నాన్‌లీనియర్ రెస్పాన్స్ అనుకునే ప్రమాదం ఉంది, చాపర్ (బీమ్‌ని ఆపి ఆపి వదిలే చక్రం) పెట్టి గానీ కిలోహెర్ట్జ్ లేజర్‌తో గానీ పోల్చి చూసుకోవాల.

ఇంటికొచ్చి ఇంకో మెట్టు ఎక్కాలంటే ఫేజ్‌ని కంప్యూటరే వెతికేట్టు చెయ్యండి. 1992లో జడ్సన్, రాబిట్జ్ ఇచ్చిన ఆలోచన ఇది, సిగ్నల్ చూసి జెనెటిక్ అల్గారిథమ్ తనే మంచి ఫేజ్‌లని ఉంచి చెడ్డవి వదిలేస్తూ పోతుంది. స్పెక్ట్రమ్‌ని 40 ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక ఫేజ్ ఇచ్చి వదలండి. సన్న సిగ్నల్ భాగించి వెడల్పు సిగ్నల్ అనే రేషియోని టార్గెట్‌గా పెడితే అది రెండిటినీ చంపేసి, నాయిస్‌లోంచి పెద్ద నంబర్ తెచ్చి చూపిస్తుంది, కాబట్టి సన్నదాంట్లోంచి వెడల్పుదాన్ని తీసివేసిన విలువ పెట్టండి. సన్న సిగ్నల్ ఎప్పుడూ 1 దాటకూడదు, దాటిందంటే కోడ్‌లో తప్పుంది. ప్రతి తరం రిజల్ట్ ఫైల్‌లో సేవ్ చేసేట్టు రాయండి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే బ్యాటరీ వీకైన లాప్‌టాప్‌లో మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ 1 దాటకూడదనే రూల్ కూడా మధ్యలో ఇంకో లెవెల్ లేనప్పుడే. రుబీడియంలో కింది నుంచి 780 నానోమీటర్లకి ఒక మెట్టు, అక్కడ్నుంచి 776కి ఇంకో మెట్టు ఉంది. 2001లో సిల్బర్‌బర్గ్ గ్రూప్ దాని మీద చూపించింది ఏందంటే, కొన్ని రంగుల్ని మూసేస్తే, అంటే శక్తి తగ్గిస్తే, సిగ్నల్ తగ్గకుండా పెరిగింది. మధ్య లెవెల్‌కి ఇటు ఉన్న రంగులూ అటు ఉన్న రంగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కొట్టేసే వాటిని ఆపేస్తే మిగిలినవి గట్టిగా కూడతాయి. ఇది మీ కోడ్‌లో చెయ్యాలంటే టైమ్‌లో స్క్వేర్ చేసే షార్ట్‌కట్ పనికిరాదు, ఫ్రీక్వెన్సీలోనే జంటల్ని ఒక్కొక్కటిగా కూడాల, ప్రతి జంటనీ మధ్య లెవెల్ నుంచి అది ఎంత దూరంలో ఉందో దాంతో భాగించాల. ఆ భాగహారంలో లెవెల్‌కి ఒక చిన్న వెడల్పుని ఇమాజినరీ నంబర్‌గా కలపండి, మీ ఫ్రీక్వెన్సీ అడుగు కంటే అది రెండు మూడు రెట్లు పెద్దగా ఉండేట్టు చూసుకోండి, లేకుంటే సరిగ్గా లెవెల్ మీద పడిన ఒక్క పాయింట్ మిగతా అన్నిటినీ మింగేస్తుంది.